సగం మాట

 

సంక్రాంతి పండగకు ముందు మన వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ తిరిగింది, చూసింటారు. "కాలుష్యం ఉన్న ఊర్లలో వాకింగ్ చేస్తే గుండెకు ప్రమాదం, ఇంట్లోనే ఉండండి" అని. దాని కింద చాలామంది చేతులు జోడించిన బొమ్మ పెట్టినారు. ఇద్దరు ముగ్గురు "రేపటి నుంచి వాకింగ్ బంద్" అని రాసినారు. నేను ఏమీ రాయలేదు. రాయబోయి ఆగిపోయినాను. ఎందుకంటే అదే మాట ఒకప్పుడు నా నోటితో నేనే మా బావకు చెప్పినాను. చెప్పినందుకు మా అక్క నన్ను ఒక మాట అన్నది. ఆ మాట ఈ రోజుకీ నా చెవుల్లోనే ఉంది.

అందుకే ఇది కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి. నేను డాక్టరును కాదు. గుండెలో ఒక స్టెంటు ఉన్న మనిషిని, అంతే.

ముందు నా సంగతి చెప్పుకోవాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 2006లో నేను రెండు టిప్పర్లు కొన్నాను. అప్పట్లో మన బళ్ళారిలో లారీ లేనోడు తక్కువ. చైనాలో 2008 ఒలింపిక్స్‌కు కట్టడాలు కడుతున్నారు, ఇనుప ఖనిజం ధర ఎక్కడికో పోయింది. సండూరు కొండల నుంచి, అటు ఓబుళాపురం వైపు నుంచి, రాత్రీ పగలూ లారీలు. మా ఇల్లు అప్పుడు హొసపేట రోడ్డుకు దగ్గర. మా అమ్మ తెల్లచీర దండెం మీద ఆరేస్తే సాయంత్రానికి కావిరంగు. వేపచెట్టు ఆకు పచ్చగా కనపడాలంటే వాన పడాల్సిందే. మా అమ్మ దగ్గుతా ఉంటే నేను, "ఇది దుమ్ము కాదమ్మా, బంగారం" అని నవ్వేవాణ్ణి. 2011 జూలైలో సుప్రీంకోర్టు మన జిల్లాలో గనులు ఆపేసింది. నా బండ్లు ఆగిపోయినాయి. ఒకటి ఫైనాన్స్ వాళ్ళు తీసుకుపోయినారు, ఒకటి నేనే అమ్ముకున్నాను. మా అమ్మ దగ్గు మాత్రం ఆమెతోనే పోయింది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఊరి దుమ్ము గురించి మాట్లాడేటప్పుడు నేను బాధితుణ్ణి మాత్రమే అని చెప్పుకోలేను. ఆ దుమ్ములో నా రెండు లారీల వాటా ఉంది.

2019లో నాకు గుండెనొప్పి వచ్చింది, స్టెంటు వేసినారు. బీపీ ఉంది, షుగరు ఉంది, ఇరవై ఏండ్ల సిగరెట్టు ఉంది. డిశ్చార్జి చేసేటప్పుడు కాగితం మీద రాసిచ్చినారు: రోజూ అరగంట నడవాలి. ఎక్కడ నడవాలో, ఎప్పుడు నడవాలో రాయలేదు. నేను అడగలేదు.

నేను, మా బావ కలిసి నడక మొదలుపెట్టినాము. ఆయనకు గాంధీనగర్ వైపు బట్టల అంగడి, పొద్దంతా గల్లా పెట్టె ముందు కూర్చునే పని. పొద్దున్నే ఐదు గంటలకు, ఇంకా మసక చీకటిగా ఉండంగానే, హొసపేట రోడ్డు పట్టుకొని రెండు కిలోమీటర్లు పోయి, రెండు కిలోమీటర్లు వచ్చేవాళ్ళం. పక్కన లారీలు పోతానే ఉండేవి. తిరిగి వచ్చేటప్పుడు ఉగ్గాణీ, రెండు మిరపకాయ బజ్జీలూ. నడిచినాం కదా, తినొచ్చు అని మా లెక్క. బావ అనేవాడు, "బామ్మర్దీ, నువ్వు కరిగించేది రోడ్డు మీద, ఎక్కించేది అంగట్లో, మధ్యలో గుండె పంచాయితీ" అని.

2021 అక్టోబరు 29 మీకు గుర్తుండే ఉంటుంది. అప్పు పోయిన రోజు. పునీత్ రాజ్‌కుమార్‌కు 46 ఏండ్లే. ఆ రోజు పొద్దున వ్యాయామం చేసినాడని టీవీలో చెప్పినారు. బెంగళూరు గుండె ఆసుపత్రుల ముందు పరీక్షల కోసం జనం బారులు కట్టినారు. మన ఊరి జిమ్ముల్లో కుర్రవాళ్ళు తగ్గిపోయినారు. ఆ వారం అంతా మా బావ, "ఆ వయసులో, ఆ ఒళ్ళుతో, ఆయనకే ఇట్లయితే మనమెంత" అంటా నడిచినాడు.

ఆ తర్వాత డిసెంబరులో, ఒక రోజు మంచు బాగా పట్టింది. మంచు అనుకున్నాం కానీ వాసన చూస్తే పొగ. రైలు గేటు దాటినాక నా రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. నిలబడితే రెండు నిమిషాలకు తగ్గింది. మళ్ళీ నడిస్తే మళ్ళీ. ఆ రోజు బజ్జీ తినకుండా నేరుగా డాక్టరు దగ్గరికి పోయినాను. ఈసీజీ తీసినారు, రక్తం తీసినారు. కొత్తగా అడ్డేమీ పడలేదన్నారు. అప్పుడు ఆ డాక్టరు, వయసులో చిన్నాయన, రెండేండ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అడిగినాడు: "వాకింగ్ ఎల్లి మాడ్తీరి?"

చెప్పినాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఆ టైములో, ఆ రోడ్డు మీద, స్టెంటు ఉన్న మనిషి అట్ల నడవకూడదు సార్" అన్నాడు. ఆ తర్వాత ఇంకా చాలా చెప్పినాడు. నేను మొదటి ముక్క దగ్గరే ఆగిపోయినాను. భయంలో ఉన్న మనిషికి చెవి సగమే పని చేస్తుంది.

సాయంత్రం అక్క ఇంటికి పోయి బావతో అన్నాను: "బావా, ఇంక నడక వద్దు. ఈ ఊరి గాలిలో నడిస్తే గుండెకు చేటంట. డాక్టరే చెప్పినాడు." బావ నవ్వి, "నేను అప్పు పోయినప్పుడే అన్నాను" అన్నాడు. మరుసటి రోజు నుంచి ఐదు గంటల అలారం మోగలేదు.

నేను వారం తర్వాత రిపోర్టులు తీసుకొని మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయినాను. అప్పుడు మిగతా సగం విన్నాను. ఆ సగం మీకు ముందు చెబుతాను, బావ సంగతి తర్వాత చెబుతాను.

గాలిలో ఉండే ధూళి రెండు రకాలనుకోండి. మనం రోజూ తిట్టుకునే ఎర్ర దుమ్ము చాలావరకు ముతకది. కంట్లో పడుతుంది, ముక్కులో, గొంతులో ఆగుతుంది, దగ్గు తెప్పిస్తుంది. అది మంచిదని కాదు, ఊపిరితిత్తులకు అదీ చెరుపే. కానీ గుండె దాకా పోయే దొంగ వేరే ఉన్నాడు. డీజిల్ పొగ, బొగ్గు పొగ, చెత్త కాల్చిన పొగ, వీటిలో ఉండే సన్నని ధూళి. పీఎం 2.5 అంటారు. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది. అది కంటికి కనపడదు, చీర మీద మరక పడదు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. అక్కడ వాపు లేస్తుంది. ఆ వాపు ప్రభావం రక్తంలోకి వస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, రక్తం తొందరగా గడ్డకడుతుంది. ఆరోగ్యంగా ఉన్నోడికి ఒక రోజులో ఏమీ కాకపోవచ్చు. ముందే నాళాలు సన్నబడిన మనలాంటి వాళ్ళకు అదే రోజు అవ్వొచ్చు.

2004లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో గుండెపోటు వచ్చి బతికినవాళ్ళను అడిగి చూసినారు, నొప్పికి ముందు మీరు ఎక్కడున్నారని. ట్రాఫిక్‌లో ఉన్న తర్వాతి గంటలో గుండెపోటు వచ్చే అవకాశం దాదాపు మూడింతలుగా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో బయటి గాలి కాలుష్యం వల్ల సుమారు 42 లక్షల మంది ముందుగా చనిపోయినారు. వాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి పైగా గుండెజబ్బుతోనో, పక్షవాతంతోనో. మనం ఇన్నాళ్ళూ కాలుష్యం అంటే ఆయాసం, ఉబ్బసం అనుకుంటిమి.

ఇంక నడిచేటప్పుడు ఏమవుతుంది? ఊరికే కూర్చుంటే మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. వడివడిగా నడిస్తే అది మూడు నాలుగు రెట్లవుతుంది. ఆయాసం వచ్చి నోటితో పీలిస్తే ముక్కు జల్లెడ కూడా ఉండదు. అంటే ఆ డిసెంబరు పొద్దున లారీల పక్కన నేను చేసింది వ్యాయామం ఒక్కటే కాదు, పొగను ఎక్కువెక్కువ లోపలికి తోడుకోవడం కూడా.

ఇది విని ఎవరైనా మా బావలాగే ఇంట్లో కూర్చుంటారు. అందుకే మిగతా సగం కావాలి.

లండన్‌లో ఒక పరీక్ష చేసినారు, 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అరవై దాటినవాళ్ళు 119 మంది. కొందరు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, కొందరు గుండె జబ్బు వాళ్ళు, కొందరు ఊపిరితిత్తుల జబ్బు వాళ్ళు. అందరినీ ఒక రోజు డీజిల్ బస్సులు, టాక్సీలు నిండిన ఆక్స్‌ఫర్డ్ వీధిలో రెండు గంటలు నడిపించినారు. ఇంకొక రోజు బండ్లు లేని హైడ్ పార్కులో రెండు గంటలు నడిపించినారు. ఊరు అదే, మనుషులు వాళ్ళే, నడక అంతే. పార్కులో నడిచినప్పుడు ఊపిరితిత్తులు బాగా పని చేసినాయి, నాళాల బిగువు తగ్గింది, ఆ మేలు చాలా గంటలు నిలిచింది. వీధిలో నడిచినప్పుడు ఆ మేలు చాలావరకు పోయింది. గుండె మాత్రలు వాడుతున్నవాళ్ళకు మాత్రం నాళాల విషయంలో కొంత కాపు దొరికినట్టు కనపడింది. ఆ రెండు చోట్ల మధ్య దూరం ఎంతో లేదు. ఆక్స్‌ఫర్డ్ వీధి ఒక కొస హైడ్ పార్కు మూలకే ఆనుకొని ఉంటుంది.

కేంబ్రిడ్జి వాళ్ళు 2016లో ఇంకొక లెక్క వేసినారు. ఎంత చెడ్డ గాలిలో ఎంతసేపు నడిస్తే మేలు కన్నా కీడు ఎక్కువవుతుంది అని. పీఎం 2.5 ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు ఉన్న ఊర్లో కూడా, రోజుకు పది గంటలకు పైగా నడిస్తేనే కీడు మేలును మించుతుందని తేలింది. సైకిలయితే గంటన్నర. 100 అంటే తక్కువ కాదు. మన దేశం పెట్టుకున్న హద్దు ఏడాది సగటు 40, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. ఆ లెక్క మొత్తం జనానికి వేసిన సగటు, నాలాంటి స్టెంటు మనిషికి వేసింది కాదు. అయినా సంగతి తెలుస్తుంది కదా? అరగంట నడకను ఈ గాలికి భయపడి వదిలేస్తే, వదిలినందుకు వచ్చే నష్టమే పెద్దది. కూర్చుంటే షుగరు పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, బరువు పెరుగుతుంది. పైగా కూర్చున్నా పీల్చేది ఈ గాలే.

డాక్టరు ఆ రోజు నాకు చెప్పిన మాట ఇదే: "రోడ్డు వదలండి, నడక వదలకండి." నేను బావకు సగమే మోసినాను.

మరి ఆ రెండో సగం వారం తర్వాత విన్నావు కదా, బావకు చెప్పలేదా అని మీరు అడగొచ్చు. చెప్పినాను, ఒకసారి, ఫోనులో. "బావా, రోడ్డు మీద వద్దంట, వేరే చోట నడవచ్చంట." ఆయన "చూద్దాంలే" అన్నాడు. ఒకసారి మానిన మనిషిని మళ్ళీ లేపాలంటే ఫోను సరిపోదు, పొద్దున్నే ఇంటి ముందర నిలబడి పిలవాలి. నేను కాలువ గట్టు వైపు నా నడక నేను చూసుకున్నాను. మా బావ పద్నాలుగు నెలలు నడవలేదు. ఎనిమిది కిలోలు పెరిగినాడు. మెట్లెక్కితే రొప్పేవాడు. అడిగితే "దుమ్ము బామ్మర్దీ" అనేవాడు.

2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి భోజనం అయినాక ఆయనకు రొమ్ము బరువెక్కింది, చెమట పోసింది, ఎడమ దవడ లాగింది. గ్యాసు అనుకున్నారు. అక్క వాము నీళ్ళు ఇచ్చింది, ఈనో కలిపి ఇచ్చింది. మూడు గంటలు అట్లే పోయినాయి. నాకు ఫోను వచ్చేసరికి రాత్రి ఒంటిగంట. ప్రాణం నిలబడింది. కానీ గుండె కండలో కొంత భాగం పోయింది. ఆ మూడు గంటలే దాన్ని తిన్నాయని అక్కడి డాక్టరు చెప్పినాడు.

ఐసీయూ బయట బెంచీ మీద మా అక్క నా పక్కన కూర్చొని, కోపంగా కూడా కాదు, మామూలుగానే అన్నది: "నువ్వు ఆయనకు సగం మాట చెప్పినావురా. మిగిలిన సగం నీ గుండెకు దాచుకున్నావు."

నేను చెప్పినందుకే ఆయనకు గుండెపోటు వచ్చిందని అనలేను. ఆయనకు షుగరు ఉంది, అంగట్లో కూర్చునే పని, వాళ్ళ నాయనకూ గుండెజబ్బే. నడిచింటే రాకపోయేదని ఏ డాక్టరూ రాసివ్వడు. కానీ నా మాట ఆయనకు మంచి చెయ్యలేదు, ఆ మాట చెప్పింది నేను, అది నాకు తెలుసు.

ఇప్పుడు మేము ఎట్లా నడుస్తున్నామో చెబుతాను. మీకు పనికొచ్చింది తీసుకోండి, మీ మీ డాక్టర్లను అడిగి.

మొదటిది చోటు. పెద్ద రోడ్డు మీద పొగ ఎంత ఉన్నా, రోడ్డు నుంచి 150, 200 మీటర్లు లోపలికి జరిగితే బాగా పలచబడుతుంది. ఊరు మారనక్కర లేదు, వీధి మారితే చాలు. మేము కాలువ గట్టు మీద నడుస్తాము. కొందరు కోట గుట్ట కింది సందుల్లో నడుస్తారు, కొందరు స్కూలు మైదానంలో. సిగ్నలు దగ్గర, బస్టాండు దగ్గర, లారీలు ఇంజను ఆపకుండా నిలబడే చోట మాత్రం వద్దు.

రెండోది సమయం. మన పెద్దలు తెల్లవారుజామున లేవమన్నారు, నిజమే. వాళ్ళ కాలంలో ఆ జామున లారీలు లేవు. కార్తీకం నుంచి పుష్యం దాకా, చలి రోజుల్లో, నేల దగ్గరి గాలి చల్లబడి బరువుగా కిందనే నిలబడుతుంది. దాని పైన వెచ్చని గాలి మూతలాగా కూర్చుంటుంది. రాత్రంతా వచ్చిన పొగ ఆ మూత కిందనే ఉంటుంది. ఎండ వచ్చి నేల వేడెక్కితేనే మూత లేస్తుంది. అందుకని ఈ నెలల్లో మేము ఎనిమిది దాటినాక, లేకపోతే సాయంత్రం ట్రాఫిక్ పెరగకముందు నడుస్తాము. ఎండాకాలం లెక్క వేరే. మన ఊర్లో నలభై డిగ్రీల ఎండలో నడిస్తే దుమ్ము కన్నా ముందు ఎండే పడేస్తుంది. అప్పుడు తెల్లవారుజామే మంచిది, రోడ్డుకు దూరంగా.

మూడోది వేగం. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత వడి చాలు. వారానికి 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. ఒకేసారి నడవలేకపోతే పది పది నిమిషాలుగా నడవండి. ఫోనులో సమీర్ అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి యాప్ ఉంది. దగ్గర్లో ఉన్న కేంద్రం ఏక్యూఐ చూపిస్తుంది. 100 లోపల ఉంటే మామూలుగా నడుస్తాను. 200 దాటితే గుండెజబ్బు ఉన్నవాళ్ళం ఇంట్లోనే వసారాలో నడవడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నెమ్మదిగా నాలుగు ఆసనాలు. ఇంట్లో నడిచే రోజు దోమల కాయిల్, ధూపం ముట్టించకండి. పొడి చీపురుతో ఊడవకుండా తడిబట్టతో తుడవండి.

నాలుగోది మాస్కు. చేతిరుమాలు, గుడ్డ మాస్కు ఎర్ర దుమ్మును కొంత ఆపుతాయేమో కానీ సన్న పొగను ఆపవు. ఎన్‌95 సరిగ్గా ముఖానికి అతుక్కుంటే ఆపుతుంది. బీజింగ్‌లో గుండెజబ్బు ఉన్నవాళ్ళకు అట్లాంటి మంచి మాస్కు పెట్టి రెండు గంటలు నడిపిస్తే, మాస్కు లేని రోజు కన్నా గుండె మీద ఒత్తిడి తక్కువగా కనపడింది. కానీ మాస్కుతో వడిగా నడిస్తే కొందరికి ఊపిరాడదు. డాక్టరును అడిగి పెట్టుకోండి.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. నడిచేటప్పుడు కానీ, ఊరికే ఉన్నప్పుడు కానీ రొమ్ము బిగిస్తే, దవడ, చెయ్యి లాగితే, చల్లని చెమట పోస్తే, గ్యాసు అనుకోకండి. 108కి ఫోను చెయ్యండి. అప్పు పేరు మీదే మన కర్ణాటక ప్రభుత్వం 2023లో హృదయ జ్యోతి అని పథకం పెట్టింది. తాలూకా ఆసుపత్రుల్లోనే ఈసీజీ తీసి, అవసరమయితే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను ఉచితంగా వేస్తారు. ఆ ఇంజెక్షను తొలి గంటల్లో పడితేనే ఎక్కువ లాభం. వాము నీళ్ళు దానికి మందు కాదు. నడుస్తున్నాం కదా అని మాత్రలు మానకండి.

ఇదంతా చోటు, సమయం ఎంచుకోగలిగిన మనలాంటి వాళ్ళకు. జీన్స్ కుట్టే షెడ్డుకు పొద్దున్నే సైకిలు తొక్కుకుంటా పోయే పిల్లోడికి, సర్కిల్లో నిలబడే ట్రాఫిక్ పోలీసుకు, మన వీధి ఊడ్చే అమ్మలకు ఈ ఎంపిక లేదు. వాళ్ళకు "రోడ్డు వదలండి" అని చెప్పడం హాస్యం. వాళ్ళకు గాలే బాగుపడాలి. 1953లో రాష్ట్రాలు విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, మనం మైసూరుకు వచ్చినాము. నేల మీద గీత గీసినారు కానీ గాలికి గీత లేదు. అటు గని తవ్వితే ఇటు దగ్గు, ఇటు బొగ్గు కాలిస్తే అటు దగ్గు. లారీల మీద టార్పాలిన్ కప్పించడం, రోడ్లకు నీళ్ళు కొట్టించడం, ఫ్యాక్టరీల పొగగొట్టాల లెక్కలు అడగడం ఒక మనిషితో అయ్యేది కాదు. సంఘాలుగా అడగాలి, రెండు వైపుల నుంచి అడగాలి.

దానికి ముందు మన చేతిలో ఉన్నవి మూడు ఉన్నాయి. వచ్చే సమావేశంలో వీటిని చర్చకు పెట్టమని అధ్యక్షులవారికీ, కార్యదర్శిగారికీ మనవి.

ఒకటి, మన ఆదివారం నడక ఇప్పుడు ఐదున్నరకు, మెయిన్ రోడ్డు మీద. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాన్ని ఎనిమిది గంటలకు, కాలువ గట్టుకు మార్చండి. బ్యానరు ఫొటో రోడ్డు మీద బాగా వస్తుందంటే, ఫొటో రోడ్డు మీద తీసుకొని నడక గట్టు మీద నడుద్దాం.

రెండు, మన పార్కులో రాలిన ఆకులు కుప్ప చేసి పొద్దున ఆరు గంటలకు కాలుస్తున్నారు. సరిగ్గా పెద్దవాళ్ళు నడిచే సమయం. కాపలా అతన్ని తప్పు పట్టకండి, మనం చెప్పిన పనే ఆయన చేస్తున్నాడు. మూలలో ఒక గుంత తవ్విస్తే రెండు వానలకు ఎరువు అవుతుంది. గుంతకు అయ్యే ఖర్చు నేనిస్తాను. లారీల లెక్కలో అది నాకు బాకీ.

మూడు, భోగి మంట. మొన్న మన మంటలో ఎవరో పాత టైరు, ప్లాస్టిక్ కుర్చీ వేసినారు. పిల్లల తలల మీద భోగిపళ్ళు పోసే రోజు అది. వచ్చే ఏడాది నాలుగు కట్టెలు, నాలుగు పిడకలు, చిన్న మంట చాలు. భోగి మంటలో పాతది కాలాలి కానీ పిల్లల ఊపిరి కాలకూడదు.

ఇంక ఆ వాట్సాప్ మెసేజీ సంగతి. పంపినాయన మీద నాకు కోపం లేదు. మన మంచి కోరే పంపినాడు, నేను మా బావ మంచి కోరే చెప్పినట్టు. కానీ "రేపటి నుంచి బంద్" అని రాసిన ముగ్గురూ నాకు తెలుసు. ఒకాయనకు షుగరు, ఒకాయనకు బైపాస్ అయింది, ఒకామెకు బీపీ. ముగ్గురికీ నేను ఫోను చెయ్యను. ఈసారి ఇంటికే వస్తాను.

మా బావ ఇప్పుడు నడుస్తున్నాడు. ముందటి లెక్కన కాదు. ఇరవై నిమిషాలు, మధ్యలో గట్టు మీద రాయి చూసుకొని ఒకసారి కూర్చుంటాడు. కూర్చున్నప్పుడు తుంగభద్ర నీళ్ళ వైపు చూస్తా, "బామ్మర్దీ, ఇక్కడ గాలి పర్వాలేదు" అంటాడు. నేను లేసి నిలబడి చెయ్యి ఇస్తాను. బజ్జీలు మానేసినాము. ఉగ్గాణీ మాత్రం వారానికి ఒకసారి, అక్కకు చెప్పకండి.

ఈ ఆదివారం ఎనిమిదికి మేమిద్దరం కాలువ వంతెన దగ్గర ఉంటాము. తీర్మానం అయ్యే దాకా ఆగనక్కర లేదు. రాగలిగినవాళ్ళు రండి. నెమ్మదిగానే నడుద్దాం.